నీలం బోర్డు మీద ఆరు బొమ్మలు: హైవేలో "ఫుడ్" బోర్డులు ఎలా చదవాలి?

#1 · ఎడిసన్_కొత్తకాపు

అందరికీ నమస్తే. వచ్చే నెల అమ్మా నాన్నా వస్తున్నారు. అమెరికా వచ్చిన అమ్మానాన్నలకి నయాగరా చూపించకపోతే ఊళ్ళో పరువుండదు కదా! న్యూజెర్సీలో మా ఎడిసన్ నుంచి ఐ-287, ఐ-80, ఐ-380, ఐ-81 ("ఐ" అంటే ఇంటర్‌స్టేట్ హైవే) పట్టుకుని సిరక్యూస్, అక్కణ్ణుంచి ఐ-90 మీద బఫెలో. అటూ ఇటూగా 400 మైళ్ళు. ఇప్పటిదాకా నా డ్రైవింగంతా ఆఫీసు, ఇండియన్ స్టోరు, బ్రిడ్జ్‌వాటర్ గుడి, అంతే.

దారి గురించి బెంగ లేదు, తిండి గురించే. నాన్నకి షుగరు, వేళ తప్పితే కళ్ళు తిరుగుతాయి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. హైవే పక్కన నీలం బోర్డులు చూస్తుంటాను గానీ వాటి లెక్క నాకు అంతుబట్టడం లేదు. ఒకచోట ఆరు కంపెనీల లోగోలుంటాయి. ఇంకోచోట ఉత్త ఫోర్కు, చాకు బొమ్మ. మరోచోట "రెస్ట్ ఏరియా" అని ఉంటుంది. బోర్డు మీద చూసిన హోటల్ ఎగ్జిట్ దిగ్గానే ఉంటుందా, ఊళ్ళోకి పోవాలా? బోర్డెక్కిందంటే సర్కారువాళ్ళు చూసి బాగుందన్నట్టేనా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

#2 · గూగులమ్మ_భక్తుడు

బోర్డులు చదివే కాలం ఎప్పుడో పోయింది బ్రో. మ్యాప్స్‌లో దారి పెట్టుకో, "వెజిటేరియన్" అని కొట్టు, రేటింగుతో సహా దారి పొడుగునా చూపిస్తుంది. దీనికో థ్రెడ్డా?

#3 · పప్పుచారు

భక్తుడు గారూ, స్టీరింగ్ పట్టుకునేది ఆ అబ్బాయి. పక్కన కూర్చునేది వాళ్ళ నాన్నగారు. కొట్టేదెవరు? పైగా పోకనో కొండల్లోనూ, ఐ-81 మీద పెన్సిల్వేనియా దాటే చోటా సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. బోర్డుకి ఆ బాధ లేదు. అడిగినదానికి తెలిసినవాళ్ళని చెప్పనివ్వండి.

#4 · మైలురాయి

నా ఉద్యోగం రోడ్ల డిజైన్‌లోనే. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు రంగు చూడండి. అమెరికాలో ఆకుపచ్చ బోర్డు దారి చెప్తుంది. గోధుమరంగుది పార్కులూ చూడదగ్గ చోట్లూ చెప్తుంది. తిండి, పెట్రోలు, బస, ఆస్పత్రి ఇవన్నీ నీలంలో ఉంటాయి. ఏ రాష్ట్రానికి పోయినా దాదాపు ఇదే పద్ధతి, ఎందుకంటే అందరికీ కలిపి ఒక ఫెడరల్ మాన్యువల్ ఉంది. ఎమ్‌యుటిసిడి అంటారు. పదకొండో కూర్పు 2023 డిసెంబరులో వచ్చింది.

నీలంలో మళ్ళీ రెండు రకాలున్నాయి. ఫోర్కు, చాకు బొమ్మ ఒక్కటే ఉంటే "ఈ ఎగ్జిట్‌లో తినడానికి ఏదో ఒకటి ఉంది" అని మాత్రమే. ఏ హోటలో, ఏం దొరుకుతుందో చెప్పదు. జనం పల్చగా ఉండే చోట్ల ఇది ఎక్కువ. రెండోది లోగోల బోర్డు. పైన "ఫుడ్" అనీ ఎగ్జిట్ నంబరూ, కింద కంపెనీల పలకలూ. ఒక బోర్డుకి ఆరుకి మించి పెట్టకూడదు. ఫ్రీవే మీద ఒక్కో పలక పెద్దదంటే 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. ఆరు చాలక, ఊరు పెద్దదైతే రెండో బోర్డు వేసి 12 దాకా తీసుకెళ్ళొచ్చు.

ఆరే ఎందుకంటారా? 65 మైళ్ళ వేగంలో కారు సెకనుకి 95 అడుగులు పోతుంది. బోర్డు చూపుకి అందినప్పటి నుంచి పక్కనుంచి వెళ్ళిపోయేదాకా డ్రైవరుకి దక్కేది కొద్ది సెకన్లు. అందులోనే ముందు బండినీ అద్దాన్నీ చూసుకోవాలి. పది, పదిహేను లోగోలు ఒకేచోట గుమ్మరిస్తే చదివేలోపు ఎగ్జిట్టే పోతుంది.

చాలామంది గమనించనిది వీటి వరస. మీరు వెళ్ళే దిశలో ముందు మందుల షాపు, తర్వాత చూడదగ్గ చోట్లు, క్యాంపింగ్, లాడ్జింగ్, ఫుడ్, చివర గ్యాస్. అన్నీ అన్నిచోట్లా ఉండవు, ఒక ఎగ్జిట్‌కి నాలుగు బోర్డుల దాకానే. ఉన్నంతవరకు వరస మాత్రం ఇదే. అంటే ఎగ్జిట్‌కి అన్నిటికంటే దగ్గరున్నది గ్యాస్ బోర్డు, దాని వెనకది ఫుడ్. బోర్డుకీ బోర్డుకీ మధ్య కనీసం 800 అడుగులు ఉంచుతారు, 65లో వెళ్తే ఎనిమిది సెకన్లు. గ్యాస్ బోర్డు కనిపించాక కూడా ఫుడ్ బోర్డు కోసం చూస్తూ కూర్చుంటే అది ఇక రాదు. గ్యాస్ బోర్డు దగ్గరికి వచ్చేసరికే కుడి లేన్‌లో ఉండండి.

దిగాక ర్యాంపు మీద ఇంకో నీలం బోర్డు ఉంటుంది. చిన్నది. అవే లోగోలు, పక్కన బాణం, ఎన్ని మైళ్ళో. మనవాళ్ళు పై బోర్డు చూసి దిగుతారు, దీన్ని చూడరు. కుడికా ఎడమకా తేల్చుకోలేక సిగ్నల్ దగ్గర హారన్లు తినేది ఇక్కడే. ర్యాంపు నుంచే కనిపించే హోటల్ అయితే దానికి బాణం ఉండకపోవచ్చు.

ఇక దూరం. మామూలుగా ఇంటర్‌ఛేంజ్ నుంచి 3 మైళ్ళ లోపు ఉన్నవాటికే చోటు. ఆ లోపు ఏమీ లేకపోతే మూడేసి మైళ్ళు పెంచుకుంటూ 15 దాకా పోనిస్తారు. ఊరు కాని ఊళ్ళో ఒకే ఒక్క లోగో కనిపించిందంటే, నాన్నగారు ఆకలి మీద ఉంటే, ర్యాంపు బోర్డు మీద మైళ్ళు చూశాకే తిప్పండి.

#5 · ఎడిసన్_కొత్తకాపు

అబ్బ, ఇదే కావాలి! రెండేళ్ళుగా ఈ రోడ్ల మీద తిరుగుతున్నా, ఫుడ్ తర్వాతే గ్యాస్ వస్తుందని నేనెప్పుడూ చూడలేదు. మరి ఆ సర్టిఫికెట్ సంగతేంటి? బోర్డు మీదున్నవి మంచివనుకోవచ్చా?

#6 · పద్దెనిమిది_చక్రాలు

అది సర్టిఫికెట్ కాదు తమ్ముడూ, అద్దె. హోటలువాడు ఏడాదికింత అని రాష్ట్రానికో, రాష్ట్రం తరఫున ఈ బోర్డులు చూసుకునే కాంట్రాక్టరుకో కడతాడు. కడితే పలక ఉంటుంది, మానేస్తే ఊడుతుంది. రుచి గురించి ఎవడూ చూడడు.

#7 · మైలురాయి

అద్దె అన్నది నిజమే గానీ డబ్బు పడేస్తే ఎవరినైనా ఎక్కించరండీ. ఫుడ్ బోర్డుకి మాన్యువల్లో షరతులున్నాయి. లైసెన్సు ఉండాలి, టాయిలెట్ సదుపాయం ఉండాలి, రోజుకి కనీసం రెండు పూటలు, వారానికి కనీసం ఆరు రోజులు తెరిచి ఉండాలి. గ్యాస్ స్టేషన్ అయితే ఫ్రీవే మీద రోజుకి 16 గంటలు, వారమంతా. దీని మీద రాష్ట్రాలు తమ షరతులు కలుపుకుంటాయి. అన్నీ తలుపు తీసి ఉంటుందా లేదా అన్న దాని గురించే, వంట గురించి ఒక్క ముక్క లేదు.

ఆ ఆరు రోజుల మాట గుర్తుపెట్టుకోండి. చిక్-ఫిలే అనే చికెన్ హోటళ్ళ కంపెనీ లోగో కింద "క్లోజ్డ్ సండే" అని సన్నగా రాసి ఉంటుంది. ఆదివారం నాడు వేగంలో లోగో కనిపిస్తుంది, ఆ గీత కనిపించదు. ఇంకొందరు లోగో కింద "24 అవర్స్" అని పెట్టించుకుంటారు, అర్ధరాత్రి ప్రయాణాలకి అది పనికొస్తుంది.

ఇంకో మాట. ఈ బోర్డులు ఇంత బుద్ధిగా, ఇంత చిన్నగా ఉండడానికి కారణం 1965 నాటి చట్టం. అప్పటి ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్ పట్టుబట్టి తెప్పించిందని చెప్పుకునే హైవే బ్యూటిఫికేషన్ యాక్టు. రోడ్డు పక్కన అడ్డదిడ్డంగా లేచిన ప్రకటనల హోర్డింగులకి అది పగ్గం వేసింది. అదే చట్టంలో ప్రయాణికుడికి పనికొచ్చే సమాచారానికి రోడ్డు స్థలంలోనే బోర్డులు పెట్టే వెసులుబాటూ ఉంది. హోర్డింగుకైతే వంద డిజైన్లు, నీలం పలకకి ఒకటే కొలత. చిన్న హోటలుకీ పెద్ద కంపెనీకీ చోటు సమానం. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు ఈ బోర్డులంటే గౌరవం.

#8 · పద్దెనిమిది_చక్రాలు

చోటు సమానమే, కట్టే స్తోమత సమానం కాదుగా! అందుకే ఎక్కడ చూసినా అవే బర్గర్ కంపెనీలు. నేను సరుకు తోలుకుంటూ ఐ-40, ఐ-80 మీద తిరుగుతాను. ఓక్లహోమా, వయోమింగ్ దిక్కున పంజాబీ ధాబాలున్నాయి, ట్రక్కు స్టాపుల్లోనే. వేడి వేడి రోటీ, పప్పు, టీ. సర్దార్జీ డ్రైవర్లు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటే తెలిసినవే ఎక్కువ. నీలం బోర్డునే నమ్ముకుని పోతే కళ్ళ ముందు నుంచే దాటిపోతావు.

ఇంకోటి, ఆ పలకల మీద పసుపు గుండ్రంలో నల్లటి "ఆర్‌వీ" (ఇల్లులాంటి పెద్ద బండి) అక్షరాలు కనిపిస్తే ఆ పార్కింగులో పెద్ద బండి తిరుగుతుందని. మీలాంటి కార్లవాళ్ళకి అక్కర్లేదు గానీ, పదిహేను మందిని వ్యాన్‌లో వేసుకుని పోయేవాళ్ళకి పనికొస్తుంది.

#9 · శీనన్న_సూర్యాపేట

మంచి ముచ్చట వెట్టిన్రు. నేను హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద క్యాబ్ తోలుత. మా 65 నంబర్ హైవే మీద గా ఫోర్కు-చాకు బోర్డు జూసి బండి ఆపినోన్ని నేనైతే జూడలే. మావోళ్ళు జూసేది హోటల్ ముంగట ఆగిన బండ్లను. లారీలు వరుసగ నిలబడ్డయంటే అన్నం వేడిగ ఉంటది, పైసలు తక్కువ. కార్లే ఉండి లారీ ఒక్కటి లేకుంటే ఏసీ ఉంటది, బాత్రూమ్ సాఫ్ ఉంటది, బిల్లు జర గట్టిగ పడ్తది. ఇంట్ల ఆడోళ్ళు, ముసలోళ్ళు ఉంటే రెండోదానికాడనే ఆపుత, నా ఒక్కనికైతే మొదటిదే. పంతంగి టోల్ దాటినంక కస్టమర్ అడుగుతడు, "అన్నా, టిఫిన్ ఏడ బాగుంటది" అని. బోర్డును అడగడు, నన్నడుగుతడు.

#10 · ఒంగోలు_గిత్త

శీనన్నా, ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో ఆ బోర్డు చూపించి "ఇదేంటి" అంటే మాత్రం అందరం టిక్కు పెట్టినవాళ్ళమే. గుండ్రంగా ఉంటే ఆజ్ఞ, త్రికోణమైతే హెచ్చరిక, పలకలా ఉంటే సమాచారం. మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ ఐఆర్‌సీ 67 అనే నియమావళి ప్రకారం సదుపాయాల బోర్డు నీలం, మధ్యలో తెల్ల గడి, అందులో నల్ల బొమ్మ. ఫోర్కు-చాకు అయితే భోజనం దొరికే చోటు, కప్పు బొమ్మయితే టీ టిఫిన్. రెండూ ఒకటే అనుకుని కప్పు బొమ్మ దగ్గర ఆగి మీల్స్ అడిగితే బిస్కట్ ప్యాకెట్ చేతిలో పెడతారు.

మన దగ్గర కంపెనీ లోగోల పద్ధతి లేదు కాబట్టి హోటలోళ్ళే సొంతంగా బోర్డులు పాతుకుంటారు. "2 కి.మీ.లో ప్యూర్ వెజ్", "1 కి.మీ.", "500 మీ.", "దాటిపోయారు, వెనక్కి రండి"! నేషనల్ హైవే స్థలంలో అనుమతి లేకుండా అలా పాతకూడదని 2002లో చట్టం చేశారు. పాతడం ఆగిందా అంటే మీకు తెలియంది కాదు.

#11 · శీనన్న_సూర్యాపేట

"దాటిపోయారు" బోర్డు నేను గూడ జూసిన 😄 వెనక్కి తిప్పితే రాంగ్ రూట్ల పోవాలె. గట్ల పోయి గుద్దిచ్చుకున్నోళ్ళు ఉన్నరు. నవ్వులాట గాదు.

#12 · ఒంగోలు_గిత్త

నిజమే అన్నా. ఇప్పుడు కొంచెం మారుతోంది. నేషనల్ హైవేస్ అథారిటీ 40 నుంచి 60 కిలోమీటర్లకో వేసైడ్ ఎమెనిటీ అని పెడుతోంది, ఒకే ఆవరణలో భోజనం, టాయిలెట్, బంకు, ఛార్జింగ్. పక్కనున్న ధాబాలు, బంకులు కూడా ప్రమాణాలు పాటిస్తే ఆ గొడుగు కిందికి రావచ్చని 2024 అక్టోబరులో హమ్‌సఫర్ అనే పాలసీ తెచ్చారు. 2025 అక్టోబరులోనైతే క్యూఆర్ కోడ్ బోర్డులు పెడతామన్నారు, స్కాన్ చేస్తే దగ్గర్లో ఆస్పత్రి, బంకు, హోటలు ఎక్కడున్నాయో వస్తాయని. బండి ఆపి స్కాన్ చేయాలి మరి! నడుస్తున్న బండిలోంచి ఎవరూ సాహసం చేయొద్దు. ఏదైనా ఇబ్బందైతే 1033కి కొట్టండి, హైవే హెల్ప్‌లైన్.

#13 · థేమ్స్_గట్టు

ఇంగ్లండ్ నుంచి నేనూ ఒక మాట. మా మోటార్‌వేల మీద దారి చూపే బోర్డులన్నీ నీలమే, రంగు చూసి తిండి బోర్డు కనిపెడదామంటే కుదరదు. "సర్వీసెస్" అన్న మాట కోసం చూడాలి. ఆ బోర్డు మీద మొదటి సర్వీసెస్ ఎంత దూరం, దాని తర్వాతది ఎంత దూరం రెండూ ఉంటాయి. నాకు నచ్చేది అదే. ఇక్కడ ఆగకపోతే మళ్ళీ ఎప్పుడో ముందే తెలుస్తుంది. కానీ దూరం పక్కన "ఎమ్" అని ఉంటే అది మీటర్లు కాదు, మైళ్ళు! ఇండియా నుంచి వచ్చిన మా మావయ్య "12 మీటర్లేగా, తిప్పు తిప్పు" అని గొడవ పెట్టారు.

మోటార్‌వే నుంచి బోర్డు పెట్టించుకోవాలంటే ఆ సర్వీసెస్ ఏడాదిలో ప్రతిరోజూ, 24 గంటలూ తెరిచి ఉండాలి, టాయిలెట్ ఉచితం, రెండు గంటల పార్కింగ్ ఉచితం. రెండు గంటలు దాటిందా, కెమెరా పట్టేస్తుంది, ఇంటికి నోటీసు వస్తుంది. కునుకు తీసేవాళ్ళు అలారం పెట్టుకోండి.

#14 · ఎడిసన్_కొత్తకాపు

థేమ్స్ గారూ, తర్వాతది ఎంత దూరమో చెప్పే పద్ధతి ఇక్కడ లేదా? అలాగే "రెస్ట్ ఏరియా" సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కడ తిండి దొరుకుతుందా?

#15 · మైలురాయి

రెస్ట్ ఏరియా అంటే టాయిలెట్, నీళ్ళు, బల్లలు, వెండింగ్ మెషీన్. అంతే. ఇంటర్‌స్టేట్ స్థలంలో హోటలూ పెట్రోలు బంకూ పెట్టకూడదని ఫెడరల్ చట్టమే ఉంది. 1956లో ఇంటర్‌స్టేట్లు మొదలుపెట్టినప్పుడే ఆ షరతు పెట్టారు. రోడ్డు మీదే హోటళ్ళు వస్తే ఎగ్జిట్ దగ్గరున్న ఊళ్ళ వ్యాపారం పోతుందని వాదన. వెండింగ్ మెషీన్లకి తర్వాత, 1980లలో అనుమతిచ్చారు, వాటిని నడిపే అవకాశం మొదట అంధులకి ఇవ్వాలి. అందులో చిప్స్ కొంటే ఆ డబ్బు పోయేది చాలాచోట్ల వాళ్ళకే.

ఆ చట్టానికి ముందే ఉన్న టోల్ రోడ్లకి మాత్రం మినహాయింపు. న్యూజెర్సీ టర్న్‌పైక్, పెన్సిల్వేనియా టర్న్‌పైక్, ఒహాయో టర్న్‌పైక్, న్యూయార్క్ థ్రూవే. వీటి మీద రోడ్డు దిగకుండానే సర్వీస్ ఏరియాలుంటాయి. న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద వాల్ట్ విట్మన్, క్లారా బార్టన్, థామస్ ఎడిసన్ పేర్లతో ఉన్నవి అవే.

మీ దారిలో రెండు రకాలూ వస్తాయి. ఐ-80, ఐ-380, ఐ-81 మీద నీలం లోగోల బోర్డు చూసి దిగాలి. సిరక్యూస్ దగ్గర ఐ-90 ఎక్కాక మీరు థ్రూవే మీద ఉన్నట్టు. అక్కడ మొత్తం 27 సర్వీస్ ఏరియాలు. వాటి బోర్డు మీద తర్వాతది ఎన్ని మైళ్ళో కూడా ఉంటుంది, మీరడిగింది అదే. పడమటికి పోతుంటే వార్నర్స్, దాని తర్వాత 30 మైళ్ళ చిల్లరకి జూనియస్ పాండ్స్. ఎక్కువ భాగం ఒక వైపు వెళ్ళేవాళ్ళకే పనికొస్తాయి. అవతలి వైపు కనిపించినా మీది కాదు.

#16 · గూగులమ్మ_భక్తుడు

ఆ థ్రూవే గురించి ఒక తమాషా. సర్వీస్ ఏరియాల్లో ఎక్కువ భాగం 2021 నుంచి కూలగొట్టి కొత్తగా కట్టారు. కొన్నిటిలో చిక్-ఫిలే పెట్టారు. ఆదివారం అదీ మూత. ప్రయాణాలు ఎక్కువుండే రోజే మూస్తే ఎలా అని 2023 డిసెంబరులో న్యూయార్క్ అసెంబ్లీలో బిల్లు కూడా పెట్టారు, ఇక మీదట ఇచ్చే కాంట్రాక్టుల్లో హోటళ్ళు వారమంతా తెరవాలని. పెద్ద రచ్చ అయింది. కొత్తకాపూ, నువ్వు శనివారం బయల్దేరితే ఈ గొడవే లేదు.

#17 · పప్పుచారు

చిక్-ఫిలే తెరిచినా మూసినా వాళ్ళమ్మగారికి ఒరిగేదేముంది, పేరులోనే కోడి ఉంది! అసలు విషయానికి వస్తా. నీలం బోర్డు మీద ఎక్కడా శాకాహారం గుర్తు లేదు. మన ప్యాకెట్ల మీదుండే ఆకుపచ్చ చుక్క లాంటిది ఇక్కడ రోడ్డు మీద వెతక్కండి. ఏ లోగోలో అమ్మకి ఏం దొరుకుతుందో మనమే ఇంట్లో తేల్చుకుని బయల్దేరాలి.

ముందుగా ఒకటి. ఇక్కడి మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ శాకాహారం కాదు. బీఫ్ ఫ్లేవర్ ఉందని కంపెనీ పదార్థాల జాబితాలోనే ఉంటుంది. శాకాహారులు, హిందువులు కలిసి కేసు వేస్తే 2002లో కోటి డాలర్లకి రాజీ అయింది. ఇండియాలో తిన్నవే కదా అని పెద్దవాళ్ళు అడిగి మరీ తింటారు, ముందే చెప్పండి. టాకో బెల్‌లో బీఫ్ బదులు బీన్స్ వేయమంటే వేస్తారు. అక్కడి శాకాహార పదార్థాలకి 2015 నుంచి అమెరికన్ వెజిటేరియన్ అసోసియేషన్ ముద్ర ఉంది. చిపోట్లేలో అన్నం, బీన్స్, సోఫ్రిటాస్ అనే టోఫు కూర. సబ్‌వేలో వెజ్ అడిగి, చేతికి వేసుకున్న గ్లవ్స్ మార్చమంటే విసుక్కోకుండా మారుస్తారు. బోర్డు మీద ఈ మూడు లోగోల్లో ఒక్కటి కనిపించినా దిగొచ్చు. మిగతావాటిలో సలాడ్, బేగెల్ అంటూ ఏదో దొరుకుతుంది గానీ, మా అత్తగారి భాషలో అది "గడ్డి".

నాన్నగారి సంగతి. షుగరున్నవాళ్ళని బోర్డు కనిపించేదాకా కూర్చోబెట్టకండి. చేతి సంచిలో ఉడకబెట్టిన పల్లీలో, చపాతీ చుట్టలో ఉంచండి. పులిహోర డబ్బా వెనక డిక్కీలో కాదు, కాళ్ళ దగ్గర పెట్టుకోండి. మేమైతే బ్రిడ్జ్‌వాటర్ గుడి క్యాంటీన్ నుంచి పెరుగన్నం కట్టించుకుని రెస్ట్ ఏరియా బల్ల మీద తింటాం. అక్కడ బల్లలు, నీళ్ళు, టాయిలెట్ అన్నీ ఉంటాయి. మనకి కావాల్సిన దానికి రెస్ట్ ఏరియాయే నయం, ఫుడ్ బోర్డు కంటే.

#18 · ఎడిసన్_కొత్తకాపు

పప్పుచారు గారూ, మీకు దణ్ణం. పల్లీల ఐడియా తప్పకుండా పాటిస్తా. ఇంకో చిన్న ప్రశ్న. ఎగ్జిట్ నంబరు చూసి ఇంకా ఎంత దూరమో లెక్కేయొచ్చంటారు, నిజమేనా?

#19 · మైలురాయి

పెన్సిల్వేనియాలో నిజం, థ్రూవేలో కాదు. పెన్సిల్వేనియాలో 2001 నుంచి మైలు నంబరే ఎగ్జిట్ నంబరు. ఐ-80 మీద డెలావేర్ వాటర్ గ్యాప్ ఎగ్జిట్ 310. మీరు ఐ-380కి తిరిగేది 293. అంటే మధ్యలో 17 మైళ్ళు. బోర్డు మీద "ఫుడ్, ఎగ్జిట్ 299" అని కనిపిస్తే అది టానర్స్‌విల్, తిరుగుడుకి 6 మైళ్ళ ముందు. షాపింగ్ ఔట్‌లెట్లు కూడా అక్కడే, తినడానికి చాలా ఉంటాయి. థ్రూవే మీద నంబర్లు వరసగా 36, 37, 38 అని పోతాయి. ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ మధ్య పదిహేను మైళ్ళైనా ఉండొచ్చు, రెండైనా ఉండొచ్చు. అక్కడ నంబరు తీసివేతలు చేసి నాన్నగారికి టైము చెప్పకండి.

ఎగ్జిట్ నంబరు రాసిన చిన్న పట్టీ ఆకుపచ్చ బోర్డు నెత్తిన ఏ పక్కనుందో కూడా చూడండి. కుడి కొసకి ఉంటే కుడివైపు దిగాలి, ఎడమ కొసకి ఉంటే ఎడమవైపు. ఎడమ ఎగ్జిట్లు తక్కువే, ఉన్నచోట మాత్రం చివరి నిమిషంలో నాలుగు లేన్లు కోసే వీరులు ఉంటారు.

#20 · గూగులమ్మ_భక్తుడు

మైలురాయి గారూ, మీ మాటల్లో పస ఉంది, ఒప్పుకుంటున్నా. కానీ నా మాటా వినండి. బోర్డు మీద లోగో ఉంటుంది, దిగి చూస్తే షాపు మూతబడి గడ్డి మొలిచి ఉంటుంది. పలక తీసేదాకా అది వేలాడుతూనే ఉంటుంది. మ్యాప్ అయితే మూసేశారని చెప్తుంది. సిగ్నల్ లేదంటారా, బయల్దేరే ముందు ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, ఆఫ్‌లైన్‌లో కూడా హోటళ్ళ పేర్లు కనిపిస్తాయి.

#21 · మైలురాయి

మూతబడ్డవి ఉంటాయి, కాదనను. రాష్ట్రాన్ని బట్టి పలక తీయడం ఆలస్యమవుతుంది. అదే ఎగ్జిట్‌లో మూడు నాలుగు లోగోలుంటే దిగండి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. ఒక్కటే ఉంటే మీ మ్యాప్‌లోనూ చూడండి. ఇందులో పంతమేమీ లేదు. ఫోన్ పక్క సీటువాళ్ళ చేతిలో ఉండాలి, కళ్ళు రోడ్డు మీద ఉండాలి, నా బాధంతా అదే.

#22 · పద్దెనిమిది_చక్రాలు

బింగ్‌హామ్టన్, సిరక్యూస్ రెండూ యూనివర్సిటీ ఊళ్ళే, ఇండియన్ హోటళ్ళున్నాయి. నీలం బోర్డు మీద మాత్రం వాటిని వెతక్కు తమ్ముడూ. మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరిచేవాళ్ళే ఎక్కువ. ముందే ఫోన్ చేసి, ఎన్నింటిదాకా ఉంటారో అడిగి దిగు. ఎడిసన్‌లో ఎనిమిదింటికి బయల్దేరితే బింగ్‌హామ్టన్‌కి పదకొండు, పదకొండున్నర. లంచ్ బఫే తెరిచేది అప్పుడే.

#23 · ఎడిసన్_కొత్తకాపు

అయితే ప్లాన్ ఇదీ. శనివారం ఎనిమిదింటికి బయల్దేరడం. టానర్స్‌విల్‌లో కాఫీ, నాన్నకి పల్లీలు. బింగ్‌హామ్టన్‌లో ఫోన్ చేసి దొరికితే భోజనం, దొరక్కపోతే టాకో బెల్ లోగో కోసం చూడటం. థ్రూవే మీద వార్నర్స్‌లో టాయిలెట్. ఏమైనా మార్చాలా?

#24 · పప్పుచారు

బింగ్‌హామ్టన్ హోటలుకి ముందురోజే ఫోన్ చేయండి. పల్లీలు టానర్స్‌విల్ దాకా ఆపొద్దు, బండెక్కగానే ఇవ్వండి. మిగతాదంతా బాగుంది.

#25 · శీనన్న_సూర్యాపేట

తమ్మీ, నయాగరా కాడ మన తిండి ఏడ దొర్కుతదో గది గూడ చెప్పమను వీళ్ళను. మా బావ పోయేది ఉంది.

#26 · మోడరేటర్

శీనన్నా, నయాగరా ఊళ్ళో హోటళ్ళ గురించి "ఈశాన్య అమెరికా యాత్రలు" విభాగంలో వేరే చర్చ నడుస్తోంది, మీ ప్రశ్నని అక్కడికి మార్చాను. ఇక్కడ బోర్డుల గురించి మాత్రమే కొనసాగించండి. థ్రెడ్ తెరిచే ఉంచుతున్నాను. కెనడా, ఆస్ట్రేలియా, గల్ఫ్ నుంచి చూసేవాళ్ళు మీ దగ్గరి బోర్డుల సంగతి రాయండి.